మూత కింద మూడు చుక్కలు

పోయినవారం కథలో మా లారీని పంజాగుట్ట చౌరస్తాలో అడ్డంగా నిలబెట్టాను. ముందు దాని సంగతి చెప్పి, తర్వాత మనుషుల సంగతికొస్తాను. లారీయే నయం, చెడిపోతే కనీసం చప్పుడు చేస్తుంది.

ఈవారమే ఈ కథలోకి వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. నా పేరు అరుణాదేవి. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో నాకో చిన్న ఆఫీసుంది. కంపెనీలు ఒక బిల్డింగు ఖాళీ చేసి ఇంకో బిల్డింగుకి పోతుంటే వాళ్ల బల్లలూ కుర్చీలూ కంప్యూటర్లూ దెబ్బతగలకుండా చేర్చడం నా వ్యాపారం. ఈ రెండువేల సంవత్సరంలో హైదరాబాద్‌లో ఏ కంపెనీ ఆరునెలలు ఒకచోట కుదురుగా ఉండటం లేదు. నిన్నటిదాకా మేడమీద రెండు గదుల్లో ఉన్నవాడు ఇవాళ అద్దాల బిల్డింగు కావాలంటాడు. వాళ్ల డాబు నాకు అన్నం పెడుతోంది కాబట్టి నేనేమీ అనను.

ఉన్నది ఒకటే లారీ. దాన్ని పదమూడేళ్లుగా నడుపుతున్నది రాజనర్సయ్య. సోమవారం పొద్దున పదకొండింటికి, సిగ్నల్ పడ్డాక బండి కదిలిస్తుంటే మూడో గేరు ఊడి, రెండోది ఇరుక్కుని, లారీ చౌరస్తా మధ్యలో మొరాయించింది. వెనక సిటీబస్సులు, ముందు కానిస్టేబులు ఈల. జావా క్లాసులకి పోయే కుర్రాళ్లు ఫైళ్లు చంకలో పెట్టుకుని, "అంకుల్, కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కొట్టండి" అని రాజనర్సయ్యకి సలహా ఇచ్చి నవ్వుకుంటూ పోయారు. ఇంకో లారీ కట్టి లాగించి, బల్కంపేట వైపు ఉన్న మెకానిక్ బాబూ మియా షెడ్డులో పడేశాం.

శనివారం సోమాజిగూడ నుంచి మాదాపూర్‌కి నూటనలభై కంప్యూటర్లు చేర్చాలి. అందుకే గేర్‌బాక్స్ విప్పి బాగుచేయించడమా, తీసేసి వేరేది పెట్టించడమా అన్నది బుధవారానికి తేలాలి. ఈలోగా మా మరిది వంశీధర్ ఒక రిపోర్టు తయారుచేశాడు. పోయినవారం కథ ఆగింది అక్కడే, వాడు ఆ రిపోర్టు నా బల్లమీద పెట్టి పెన్ను మూత తీసి అందించిన చోట.

వంశీధర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. వాడు మూడు కోర్సులు చేశాడు, ఒక్కటీ పూర్తిచేయలేదు. విజిటింగ్ కార్డు మీద మాత్రం 'కన్సల్టెంట్' అని వేయించుకున్నాడు. ఎవరికి, దేనికి అని అడిగితే నొచ్చుకుంటాడు. మా ఇంట్లోనే తింటాడు, మా ఆఫీసు ఫోనే వాడతాడు, వ్యాపారం ఎలా చేయాలో నాకే చెబుతాడు. చెప్పేటప్పుడు గాలిలో చేతులతో చతురస్రాలు గీస్తాడు.

ఆ రిపోర్టు రంగు అచ్చులో నాలుగు పేజీలుంది. అట్టమీద లారీ బొమ్మ కూడా వేశాడు, అదీ మాది కాదు, ఏదో విదేశీ లారీ. లోపల సంగతి మాత్రం రెండు వాక్యాలే. ఒకటి, గేర్‌బాక్స్ పాడవడానికి కారణం డ్రైవర్ మొరటుతనం. రెండు, దాన్ని విప్పకుండా అలాగే ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేసి, బాగుచేసి ఉంచిన వేరే పెట్టె తెచ్చి బిగించాలి. ఆఖరున రాజనర్సయ్యని పనిలోంచి తీసేయాలని సిఫార్సు, దాని కింద నా సంతకానికి చుక్కల గీత.

నేను పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు, అదే నా తప్పు. బుధవారం పొద్దున షెడ్డులో మాట్లాడదాం అన్నాను. ఆ రాత్రి మా ఆయన చలపతిరావు గారిని అడిగితే పేపర్లోంచి తల ఎత్తకుండా, "నాకేం తెలుసు వాటి సంగతి? వంశీ చెప్పినట్టు చేస్తే సరిపోతుందిగా" అన్నారు. బేగంపేటలో ఆఫీసు, ఇంట్లో పేపరు. ఆయనకి మూడో లోకం లేదు. ఏదైనా విషయంలో ఆయనొక అభిప్రాయం చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

బుధవారం ఆయన క్యారేజీ పట్టుకుని ఆఫీసుకి బయల్దేరగానే నేను షెడ్డుకి వెళ్లాను.

అప్పటికే గేర్‌బాక్స్ కిందికి దించి గోనెపట్టాల మీద పెట్టి ఉంది. బాబూ మియా దాని పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, చేతులు తుడుచుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి. మాట తక్కువ, ఉన్న కాస్తా పుల్లవిరుపే. రాజనర్సయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మూడురోజులుగా గడ్డం గీసుకోలేదు. నన్ను చూసి దండం పెట్టి మళ్లీ నేలచూపులు చూశాడు. తప్పు చేశావని పదిమంది అంటే మనిషి తనకే అనుమానం వచ్చేట్టు కుంగిపోతాడు. 

ఇంతలో వంశీధర్ దిగాడు. తెల్లచొక్కా, మెడలో ట్యాగు, ముక్కుకి రుమాలు. గేర్ ఆయిల్ వాసన వాడికి పడదట. ఆ లారీ తెచ్చిన అన్నం మాత్రం రోజూ రెండుపూటలా పడుతుంది.

"వదినా, ఇది చాలా సింపుల్ డెసిషన్" అన్నాడు, గాలిలో రెండు చతురస్రాలు గీసి. "రిపేరా, రీప్లేసా. ప్రపంచంలో ఎవరూ ఇప్పుడు రిపేర్ చేయించడం లేదు. కంప్యూటర్‌లో ఒక కార్డు పోయిందనుకోండి, కూర్చుని అతుకులేస్తామా? పీకి పడేసి ఇంకోటి పెడతాం. ఇదీ అంతే."

"కంప్యూటర్ మీద పది టన్నులు ఎక్కిస్తరా సార్?" అన్నాడు బాబూ మియా తల ఎత్తకుండా.

"నీతో కాదు నేను మాట్లాడేది."

"గేర్ డబ్బా నా ముంగట్నే ఉన్నది సార్. జర నాతోని సుత మాట్లాడాలె." తర్వాత నావైపు తిరిగాడు. "అమ్మా, మార్చుడు తప్పని నేనంటలేను. డబ్బా బాడీ పగిలితే మార్చాలె. షాఫ్ట్ వంగితే మార్చాలె. నేనే చెప్త మార్చమని. బేరింగులు, రెండు గేర్లే పోయినయనుకో, రెండు దినాల పని, శుక్రారం పొద్దుగాల బండెక్కిస్త. గది విప్పితేనే తెలుస్తది గద. పట్టి చూడకుంట కాలు తీసేస్తరా ఎవలన్న?"

"విప్పితే ఎక్స్‌ఛేంజ్‌కి తీసుకోరు!" వంశీధర్ గొంతు అవసరానికి మించి లేచింది. "వాళ్ల రూల్ అది. మూత బోల్టులు కదిలించారంటే డీల్ క్యాన్సిల్. నేను ఎంత కష్టపడి మాట్లాడానో తెలుసా వదినా? సాయంత్రానికి కొత్త బాక్స్ ఇక్కడుంటుంది. గురువారం బండి రోడ్డు మీద ఉంటుంది. మీరు ఫారం మీద సంతకం పెట్టండి చాలు."

బాబూ మియా చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "నలబై ఏండ్ల సంది గీ పనిల ఉన్న. పాత డబ్బా కొనేటోడు మూత విప్పి చూపియ్యమంటడు. విప్పద్దని అనేటోన్ని గిప్పుడే ఇంటున్న. ఎవలు సార్ గా షావుకారి?"

"ఒక కంపెనీ."

"పేరు?"

"అది కాన్ఫిడెన్షియల్."

బాబూ మియా నవ్వలేదు కానీ నవ్వినంత పనయింది. నాకు కూడా ఆ మాట మింగుడుపడలేదు. లారీ గేర్‌బాక్స్ కొనడంలో రహస్యమేముంటుంది? అయినా శనివారం గుర్తొచ్చింది. గురువారం రోడ్డు మీద ఉంటుందన్న మాట చెవికి ఇంపుగానే ఉంది. నిజం చెప్పాలంటే నా చేయి సంచీలో పెన్ను కోసం వెతికింది. నేనేదో పెద్ద నిప్పులాంటి మనిషినని మీరు అనుకుంటుంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. పదమూడేళ్లు నా బండి నడిపినవాడు ఎదురుగా నిలబడి ఉండగానే నేను పెన్ను వెతికాను.

వంశీధర్ అది చూసి ఊపందుకున్నాడు. "అసలు ఇష్యూ బాక్స్ కాదు వదినా, డ్రైవర్. పంజాగుట్ట ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు తీయడు. గేరు వేస్తే రుబ్బురోలు తిప్పినట్టు చప్పుడు. ఇలాంటి అన్‌స్కిల్డ్ వాళ్లని పెట్టుకుంటే మీరు కొత్తది పెట్టినా ఆరునెల్లే. రిపోర్టులో క్లియర్‌గా రాశాను. కాపీలు కూడా తీయించాను, లారీ ఓనర్ల అసోసియేషన్‌కి ఇవ్వడానికి. నలుగురూ జాగ్రత్త పడతారు."

రాజనర్సయ్య అప్పుడు తల ఎత్తాడు. అసోసియేషన్‌కి ఆ కాగితం పోయిందంటే ఊళ్లో ఏ ఓనరూ అతని చేతికి తాళం ఇవ్వడు. యాభై రెండేళ్ల వయసు, చేతిలో వేరే పని లేదు. అది వంశీధర్‌కి తెలుసు, నాకూ తెలుసు.

"అమ్మా" అన్నాడు రాజనర్సయ్య.  "నన్ను తీసెయ్. నేనేం అనను, నీ బండి నీ ఇష్టం. గని డబ్బా విప్పి చూసినంక తీసెయ్. లోపల నా తప్పు ఉంటే నేనే నలుగుర్ల చెప్పుకుంట. విప్పకుంట తీసేస్తే మాత్రం, నా తప్పు ఏందో నాకే తెల్వకుంట పోత."

నాకు సిగ్గేసింది. సంచీలోంచి చేయి బయటికి తీశాను.

"విప్పండి బాబూ మియా."

"వదినా, మీరు ఎమోషనల్ అవుతున్నారు."

"అవుతున్నాను. నువ్వు ఆ రుమాలు తీసి మాట్లాడు, సగం వినపడటం లేదు."

కింద బోల్టు వదలగానే ఆయిల్ రేకు డబ్బాలోకి కారింది. కారడం అనకూడదు, బురదలా జారింది. బాబూ మియా రెండు వేళ్ల మధ్య పట్టి రుద్ది నాకు చూపించాడు. నల్లగా ఉన్నదాంట్లో తళుకులు. ఇనప రజను. తర్వాత మూత బోల్టులు ఒక్కొక్కటే విప్పి వరసగా గోనెపట్టా మీద పెట్టాడు. వంశీధర్ గడియారం చూసుకున్నాడు, షెడ్డు గుమ్మం దాకా వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. ఏసీ లేని చోట వాడికి ఎప్పుడూ చెమటే, అయినా ఆ చెమట వేరుగా ఉంది.

మూత లేచింది. బాబూ మియా దాన్ని బోర్లా పక్కన పెట్టి లోపలికి వంగాడు. టార్చి వేశాడు.  తర్వాత వేలు పెట్టి ఒక గేరు తిప్పాడు, రెండోది తిప్పాడు. పళ్లు అరిగిన దువ్వెనలా మొనలు తేలి, ఒకచోట రెండు పళ్లు అసలే లేవు.

"గివి నేనేసిన గేర్లు కావు" అన్నాడు.

"అంటే?"

"తొంబై ఎనిమిదిల మార్చి నెలల గీ డబ్బా నేనే విప్పిన. రెండో గేరు, మూడో గేరు కొత్తయి ఏసిన. యాదికున్నదా అమ్మా? గప్పుడు నువ్వే ఖుద్దు పోయి పెట్టెల ఉన్నయి కొనుక్కొచ్చినవ్." గుర్తుంది. ఆ గేర్ల పెట్టె నా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చాను. "గవి రెండేండ్లల్ల గిట్ల అరుగుతయా? గిట్ల కావాల్నంటే పదిహేనేండ్లు నడవాలె. ఏదో తుక్కుబండివి తీసి గిండ్ల పెట్టిన్రు. నర్సన్న ఎంత మొరటుగ నడిపినా గేర్లకు గేర్లే మారిపోవు."

రాజనర్సయ్య గోడ మీంచి జారి కింద కూర్చున్నాడు. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడ్చాడో లేదో నేను చూడలేదు, చూడాలనిపించలేదు. అతని పేరు బతికింది, అది చాలు.

వంశీధర్ మాత్రం తగ్గలేదు. తప్పు చేసినవాడికి నోరు మూసుకునే తెలివుంటే లోకంలో సగం తప్పులు బయటపడవు. "మరి నువ్వే అప్పుడు తుక్కువి వేసి ఉంటావు!" అన్నాడు బాబూ మియా మీదికి వేలు చూపిస్తూ. "వదిన తెచ్చిన కొత్తవి నువ్వు నొక్కేశావు. ఇప్పుడు నా మీద..."

"మీ మీద ఎవలన్నరు సార్?"

వంశీధర్ ఆగిపోయాడు. నిజమే, వాడి పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

బాబూ మియా లేచి నిలబడ్డాడు. దొంగ అన్న మాట అతన్ని గట్టిగానే తాకింది.  "సార్, మీకు తెల్వది, చెప్త. పని నేర్పిన మా ఉస్తాద్ మాకు ఒక ఆన పెట్టిండు. ఏ డబ్బా విప్పినా, మళ్ల మూసే ముంగట మూత లోపటి దిక్కు మన గుర్తు కొట్టాలె, నెల కొట్టాలె, సాలు కొట్టాలె. పని మంచిగైనా కొట్టాలె, ఖరాబైనా కొట్టాలె. రేపు డబ్బా వాపస్ వస్తే నేను చెయ్యలేదని తప్పించుకోకుంట. గుర్తు కొట్టకుంట మూత మూసేటోన్ని మేం మిస్త్రీ అనం. నా గుర్తు మూడు చుక్కలు. నేనేసి మూసినంక ఎవ్వడు విప్పకపోతే నా గుర్తే ఆఖర్ది ఉండాలె. అమ్మా, నువ్వే చూడు. నేను చూడ, నేను చూస్తే మళ్ల సారు నేనే కొట్టిన్నంటరు."

మూత తిరగేసి నా ముందు పెట్టి, గుడ్డతో తుడిచి, మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు. ఆ పొగరు నాకు నచ్చింది. ఆ షెడ్డు మొత్తంలో పొగరు చూపే అర్హత ఉన్నది అతనికొక్కడికే.

నేను వంగి చూశాను. పైన ఏదో కంపెనీ అచ్చు. దాని కింద సుత్తితో కొట్టిన మూడు చుక్కలు, పక్కన 3, 98. దాని కింద ఇంకొకటి ఉంది. ఇంకా మెరుపు పోని గుర్తు.

"ఇంకో గుర్తు ఉంది" అన్నాను. "రెండు, రెండువేలు. అంటే మొన్న ఫిబ్రవరి."

"చూసినవా! నా తర్వాత ఇంకోడు చెయ్యి పెట్టిండు." బాబూ మియా గొంతులో గెలుపు పలికింది. "గుర్తు ఎట్లున్నదమ్మా? గీ షహర్‌ల డబ్బా విప్పెటోళ్ల గుర్తులన్ని నాకు ఎరికే. చెప్పు, గా హరామ్‌ఖోర్ ఎవడో ఇప్పుడే చెప్త."

"ఇదీ మూడు చుక్కలే. నీలాగే. కాకపోతే వాటి కింద ఒక గీత ఉంది."

బాబూ మియా వెంటనే తిరగలేదు. తిరిగాక మూత ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. టార్చి అవసరం లేకపోయినా వేశాడు. తర్వాత ఆ గీత మీద బొటనవేలు పెట్టాడు.

వేలు అక్కడే ఉంది. రెండో చేతికి అందేంత దూరంలో ఉలి ఉంది. ఒక్కసారి గీకితే గీత పోతుంది, నా మాట తప్ప సాక్ష్యం ఉండదు, మూడు చుక్కలే మిగులుతాయి, అతనే రెండోసారి విప్పాడని సరిపెట్టవచ్చు. నిందపడేది తనమీదే. అంతకంటే తేలిక, ఇవి తను వేసిన గేర్లే, డ్రైవరే అరగదీశాడని ఇప్పటికైనా మాట మార్చడం. అతని చూపు ఉలి మీదికి పోయింది, గోడ దగ్గర కూర్చున్న రాజనర్సయ్య మీదికి పోయింది. 

బొటనవేలు తీసేశాడు.

"గిది నా ఫహాద్ గుర్తమ్మా" అన్నాడు. "మూడు చుక్కలు నాయి. వాడు పని నేర్చిన దినం, నా చుక్కల కింద ఒక గీత పెట్టుకోమని నేనే చెప్పిన. గీ మూతల మీదనే చెయ్యి పట్టి కొట్టిచ్చిన."

ఫహాద్ అతని ఒక్కగానొక్క కొడుకు. రెండేళ్ల కిందట తండ్రితో తగవుపడి మూసాపేటలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఆ పేరు ఈ షెడ్డులో ఎవరూ ఎత్తరు. తండ్రి నేర్పింది వాడి చేతికి ఎంత అలవాటయిందంటే, దొంగపని చేస్తూ కూడా గుర్తు కొట్టి మూత మూశాడు. వాడిని తిట్టాలో, ఆ చేతిని మెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

వంశీధర్‌కి అలాంటి ఇబ్బందేం లేదు. వాడి మొహం విప్పారింది. "చూశారా వదినా! నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను, వీళ్లని నమ్మొద్దని. తండ్రీ కొడుకులు కలిసి ఆడిన నాటకం. ఇప్పుడే పోలీస్ కంప్లైంట్ ఇద్దాం. డ్రాఫ్ట్ నేను రాస్తాను."

ముసలాయన ఎదురుగా, మోకాళ్ల మీద ఉన్న మనిషి ఎదురుగా, ఆ మాట అన్నాడు. ఇంతవరకూ వాడు దద్దమ్మ అనుకున్నాను. కాదు, వెధవ.

"ఫిబ్రవరిలో లారీ ఎవరి చేతిలో ఉంది వంశీ?" అని అడిగాను.

"డ్రైవర్ చేతిలో."

"బిడ్డ కాన్పని నేను జనగామ పోయిన సారూ" అన్నాడు రాజనర్సయ్య కింద నుంచి. "ఆరు దినాలు లేను."

గుర్తొచ్చింది. ఆ ఆరురోజుల్లో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పని నేను చూసుకుంటానని వంశీధర్ తనంతట తానే ముందుకొచ్చాడు. వాడు పని చేస్తానన్నందుకే నాకు అనుమానం రావలసింది. రాలేదు సరికదా, మురిసిపోయాను. టెస్టింగ్ దగ్గర క్యూ ఉంది వదినా అని నాలుగోరోజున బండి తెచ్చాడు. క్యూలో ఆకలేస్తుందని నేను పులిహోర కట్టి పంపాను. నా తెలివి ఆ మాత్రమే. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్లందరినీ తీసిపారేస్తూ తిరిగాను, నా చెవిలో పువ్వు పెట్టినవాడికి నేనే పులిహోర పెట్టాను.

బాబూ మియా లేచాడు. "నా కొడుకు దొంగే అమ్మా. నేను కాదనను. పోలీసులకు నేనే పట్టిస్త. గని బండి దానంతట అది మూసాపేటకు పోలే. ఎవలు తోల్కపోయిన్రో వాని నోటితోనే ఇందాం. ఫోన్ చెయ్యమ్మా."

షెడ్డులో ఫోను లేదు. వంశీధర్ జేబులో సెల్లు ఉంది.

"ఇవ్వు" అన్నాను.

"ఛార్జింగ్ లేదు వదినా."

"ఇందాక దిగుతూ ఎవరితోనో మాట్లాడావుగా."

"నంబర్ చెప్పమనండి, నేనే చేస్తాను."

చేయి చాచి వాడి జేబులోంచి తీసుకున్నాను. వదిన చేయి తోసేసే ధైర్యం వాడికి లేదు, ఆ మాత్రం మర్యాద మా అత్తగారు నేర్పారు. బాబూ మియా ఒక్కొక్క అంకే చెప్పాడు. రెండేళ్లుగా కొడుకుతో మాట్లాడని మనిషికి ఆ నంబరు తడుముకోకుండా వచ్చింది. ఆఖరి అంకె అయ్యాక పచ్చమీట నొక్కాను.

నేను నొక్కిన అంకెలు చిన్న అద్దం మీంచి పోయి, వాటి స్థానంలో ఒక పేరు వచ్చింది. 'ఫహాద్ గేర్'.

వంశీధర్ వైపు చూశాను. వాడు నా వైపు చూడలేదు. తేలు కుట్టిన దొంగలా తన బూట్లు చూసుకుంటున్నాడు. గాలిలో గీయడానికి చతురస్రాలేవీ దొరకలేదు.

అవతల ఫోన్ ఎత్తారు. నేను నోరు విప్పకముందే కుర్ర గొంతు గడగడా అందుకుంది.

"సలామ్ సార్, మీ నంబర్ ఎప్పుడు పడ్తదా అని చూస్తున్న. డబ్బా తయారైంది. మీ వదినమ్మ బండిల నుంచి తీసిన గేర్లే లోపల ఏసిన, మీద కొత్త రంగు కొట్టిన, ఎవ్వనికి డౌట్ రాదు. పాతది మూత విప్పకుంట పంపుతున్నరు గద సార్? గది మాత్రం మా అబ్బా చేతిల పడొద్దు."

నా గేర్లే. ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న నా గేర్లే నాకు మళ్లీ అంటగడుతున్నారు. దానికోసం ఒక మనిషి బతుకు మీద రంగు అచ్చులో నాలుగు పేజీలు రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. అరవబోయాను.

"హలో, సార్? ఇనవడ్తలేదా? జర ఆగున్రి, పెద్దసారు గీడ్నే ఉన్నరు, పొద్దుగాల్నే వచ్చిన్రు. ఇస్తున్న."

పెద్దసారు ఎవరా అనుకున్నాను. వంశీధర్ పైన ఇంకో కన్సల్టెంటెవడో ఉన్నాడనుకున్నాను. ఫోను చేతులు మారిన చప్పుడు. కప్పు సాసరులో పెట్టిన చప్పుడు. ఒక దగ్గు వినపడింది.

ఆ దగ్గు ఇరవై రెండేళ్లుగా నా పక్కగదిలో వింటున్నాను.

"ఏంట్రా వంశీ?" అన్నారు చలపతిరావు గారు. ఆ గొంతులో ఇంత హుషారు నేనెప్పుడూ వినలేదు. "అది సంతకం పెట్టిందా లేదా?"

బాబూ మియా నా మొహంలోకి చూస్తున్నాడు. రాజనర్సయ్య లేచి నిలబడ్డాడు. ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇంకా పెట్టలేదండీ" అన్నాను.